బావ ఏరిన దోనె

లాల్ బాషాకు షరీఫ్ అంటే కుళ్ళు. ఈ సంగతి జమ్మలమడుగులో అందరికీ తెలుసు, ఒక్క షరీఫ్‌కు తప్ప.

అది మామూలు కుళ్ళు కూడా కాదు. ప్రొద్దుటూరు బస్సులో ఎడమవైపు కూచుంటే షరీఫ్ అంగడి బోర్డు కనబడుతుందని, ఆ వైపు సీట్లు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడి పోయే రకం. ఎవరైనా జాలిపడి "కూచో బాషా" అంటే "నడుం నొప్పి, నిలబడితేనే సుఖం" అనేవాడు. నిలబడితే సుఖంగా ఉండే నడుం నొప్పి ఏమిటో అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు.

షరీఫ్ పరాయివాడేమీ కాదు, లాల్ బాషా భార్య హుసేన్‌బీకి సొంత తమ్ముడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి మెయిన్ బజారు చివర బావ రేకుల అంగడిలో ఎనిమిదేళ్ళు పని చేశారు. బకెట్లు, గరాటాలు, ధాన్యం పోసుకునే డ్రమ్ములు, అన్నీ చేతితోనే. అన్నిటికన్నా లాల్ బాషాకు పేరు తెచ్చింది మాత్రం దోనెలు. ఇంటి చూరు కింద వాననీళ్ళను పట్టి తొట్టిలోకి తీసుకుపోయే రేకు కాలువను ఈ వైపు దోనె అంటారు. జమ్మలమడుగులోనూ మైలవరం వైపు పల్లెల్లోనూ లాల్ బాషా దోనె బిగించిన ఇల్లంటే వాన వస్తే నిశ్చింతగా పడుకోవచ్చని అనుకునేవారు. ఆ మాట లాల్ బాషాయే ఎక్కువసార్లు అనేవాడనుకోండి, అయినా అబద్ధం కాదు.

ఆ తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. ముందు బకెట్లు పోయాయి, తర్వాత గరాటాలు, ఆ తర్వాత డ్రమ్ములు. ఒకరోజు షరీఫ్ సుత్తి కింద పెట్టి, "బావా, రేకు కాలం అయిపోయింది. ఇద్దరం కలిసి పైపుల అంగడి పెడదాం" అన్నాడు. లాల్ బాషా అతన్ని ఆ మాటకు నానా తిట్లూ తిట్టాడు. తిట్లన్నీ విని షరీఫ్ ప్రొద్దుటూరు పోయి ఒక్కడే అంగడి పెట్టాడు. నాలుగేళ్ళలో అది రెండు షట్టర్ల అంగడయింది. ఆ తర్వాత పులివెందులలో రెండోది తెరిచాడు. తెరిచిన ప్రతిసారీ బావకు కొత్త చొక్కా పంపాడు. లాల్ బాషా ఆ చొక్కాలు పెట్టెలోంచి బయటికి తీయలేదు.

అతన్ని నిజంగా కాల్చేది చొక్కాలు కాదు, షట్టర్లూ కాదు. "ఇద్దరం కలిసి" అన్నాడు కదా, ఆ మాట. ఆ పూట నోరు మూసుకుని సరే అని ఉంటే ఆ బోర్డులో సగం తనదై ఉండేది. కాదన్నది తనే కాబట్టి ఎవరి మీదా పడి ఏడవడానికి లేదు, అందుకే షరీఫ్ మీద పడి ఏడ్చాడు.

ఇంటి దగ్గర ఇంకో బాధ. తమ్ముడు వస్తున్నాడంటే చాలు, హుసేన్‌బీ పొద్దున్నుంచే మసాలా నూరడం మొదలుపెట్టేది. రోజూ చారు పోసే చేతికి ఆ రోజు కూరలో మాంసం సియ్యలు ఎట్లా వస్తాయో లాల్ బాషాకు అర్థమయ్యేది కాదు. తినేటప్పుడు మాత్రం షరీఫ్ కంటే ఒక ముద్ద ఎక్కువే తినేవాడు.

నిరుడు మాఘమాసంలో, ఇంకా పొద్దున పూట చలి ఉండగా, రెడ్ల వీధి నుంచి సుశీలమ్మ కబురు పంపింది. కాలువ కింద మాగాణి ఉన్న ఇల్లు, ఇంటి పెత్తనమంతా ఆమెదే. ముప్పై రెండేళ్ళ కిందట లాల్ బాషా సొంతంగా అంగడి తెరిచాక బిగించిన మొదటి దోనె ఆ ఇంటిదే. ముందున్న నలభై అడుగుల రేకుల వసారాకు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే పొడుగు దోనె, చివర ఒక గొట్టం, దాని కింద వాననీళ్ళ తొట్టి. ఆ ఇంట్లో బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళకు కందిబ్యాళ్ళు ఎంతసేపు మంటేసినా ఉడకవు. అందుకని పప్పు వండాలంటే తొట్టి నీళ్ళే.

"బాషా, పప్పులో తుప్పు వాసనొస్తాంది" అంది సుశీలమ్మ, అతను గడప దగ్గర నిలబడీ నిలబడకముందే.

లాల్ బాషా చూరు వైపు చూశాడు. దోనె అడుగు ఎర్రగా రాలిపోతూ ఉంది. "చిల్లులకు మాటేస్తా అక్కా. నాలుగు చోట్ల మాటేస్తే ఇంకా పదేండ్లు చూసుకోబన్లేదు."

"ఇంకా యాడ ఏస్తావప్పా? ఇప్పటికే రేకు కంటే మాట్లే ఎక్కువుండాయి. ప్లాస్టిక్‌ది ఏపిద్దామనుకుంటాండా."

లాల్ బాషాకు ఒళ్ళు మండింది. "ఏపిచ్చుకో. దానికి నన్నెందుకు పిలిచినావు?"

"నువ్వే ఏరాల. ఈ ఇంటి నీళ్ళు యాడ పడతాయో, యాడ పొంగుతాయో నీకంటే ఎవరికి తెలుసు? ప్రొద్దుటూర్లో మీ షరీఫ్ అంగడికి పో. నేను ఫోన్ చేసి చెప్పినాలే. నువ్వు ఏది చూపిస్తే అది ఇమ్మన్యా. బిగిచ్చేదానికి వాడే వస్తాడంట."

వేరే ఎవరైనా అయితే రానని చెప్పి తిరిగి చూడకుండా వచ్చేవాడు. కానీ ఆ ఇంటి చూరుకు వేరేవాడు ఏరిన సామాను వేలాడటం అతను భరించలేడు. ఏరకపోతే షరీఫ్ ఏరతాడు. ఆ ఒక్క ఆలోచనే అతన్ని మర్నాడు పొద్దున ప్రొద్దుటూరు బస్సెక్కించింది. ఆ రోజు కూచునే పోయాడు, ఎట్లాగూ ఆ అంగడికే కాబట్టి.

"బావా! ఫోన్ చేసింటే బస్టాండుకు బండి తెస్తును గదా!" షరీఫ్ గల్లాపెట్టె వదిలి పరిగెత్తుకొచ్చాడు. కొనడానికి వచ్చినవాళ్ళందరికీ వినబడేలా, "ఈయన మా బావ. నాకు పని నేర్పినోడు" అని చెప్పాడు. తిట్టి ఉంటే లాల్ బాషాకు హాయిగా ఉండేది. పొగిడితే ఏం చేయాలో తెలియక ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు.

షరీఫ్ దోనెల రకాలన్నీ బండ మీద పరిచాడు. గుండ్రటి అడుగువి, బల్లపరుపు అడుగువి, తెల్లవి, కాఫీ రంగువి, బూడిద రంగువి. తప్పులు పట్టాలనే లాల్ బాషా వంగాడు. వంగాక మాత్రం చేతులు అతని మాట వినలేదు. ఒక్కొక్కటీ ఎత్తి వేలితో కొట్టి చూశాడు. అంచును బొటనవేలితో నొక్కి, వదిలితే ఎంతసేపటికి లేస్తుందో చూశాడు. వెలుతురుకు పట్టి మందం సమానంగా ఉందా లేదా చూశాడు.

"తెల్లది వద్దు. రెండు ఎండాకాలాలకు పండిన ఆకు మాదిరి అయితాది. ఆ కాఫీ రంగుది అసలే వద్దు, ఎండనంతా తాగుతాది. ఈ బూడిద రంగుదే, అందులోనూ ఈ మందంది. పల్చంది నాకు చూపియ్యొద్దు."

"కిందికి దిగే పైపు మూడంగుళాలది చాలు గదా బావా?"

"చాలదు. మన తట్టు వాన ఏడాదికి నాలుగుసార్లు వస్తాది. వచ్చినప్పుడు ఒక్కతూరే కుమ్మరిస్తాది. నాలుగంగుళాలది తీయి. వాకిట్లో యాపచెట్టుంది, పైపు మూతికి జల్లెడ పెట్టాల. క్లాంపులు రెండడుగులకొకటి."

షరీఫ్ బుద్ధిగా అన్నీ రాసుకున్నాడు. పక్కనున్న కొనుగోలుదారు తనకూ బూడిద రంగుదే కావాలన్నాడు. ఆ పూటంతా లాల్ బాషా నిజంగా సంతోషంగా ఉన్నాడు. కుళ్ళు అనే మాటే గుర్తులేదు.

టీ తాగుతూ మెట్ల మీద కూచున్నప్పుడు అతని కంటికి ఒకటి పడింది. అంగడి బయట కట్టెల మీద పేర్చిన పైపుల కొసలు, తను వచ్చినప్పుడు మెట్టు బండ అంచుకు సరిసమానంగా ఉన్నాయి. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండకు అవి బండ దాటి బయటికి వచ్చాయి. వేలు పెట్టి కొలిచాడు. చిటికెనవేలు మందం.

సాగుతోంది. చలికాలం ఎండకే ఇంత సాగితే, రోహిణీకార్తెలో నలభై అడుగుల మీద అంగుళం పైమాటే.

రేకూ ఎండకు సాగుతుంది, ఇంత కాకపోయినా. పొడుగు దోనెల్లో లాల్ బాషా ఒక్క అతుకు మాత్రం మాటు వేయకుండా, ఒకదాని మీద ఒకటి జారేలా వదిలేవాడు. చూసేవాళ్ళకు అది మిగతా అతుకుల్లాగే కనబడేది. అతని దోనెలు ముప్పై ఏళ్ళు వంగకుండా నిలబడిన గుట్టు అదే. దాన్ని ఎవరికీ చెప్పలేదు, ఎనిమిదేళ్ళు పక్కన కూచుని పని చేసిన షరీఫ్‌కు కూడా. ఆ ఒక్క అతుకు దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక పని మీద షరీఫ్‌ను బయటికి పంపేవాడు.

ఇప్పుడు ఆ గుట్టు చెప్పాలి. షరీఫ్ బిగించేవి పొలాల్లో మట్టి కింద పూడ్చే పైపులు, గోడల్లో దాచే పైపులు; దోనెలు అమ్మడమే గానీ బిగించింది లేదు. ఎండలో వేలాడే దోనె సంగతి అతనికి తెలియదు. నోటి దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ఎవరో షరీఫ్‌ను "సేటూ" అని పిలిచారు. ఆ పిలుపు వినగానే లాల్ బాషా గొంతులో మాట వెనక్కి పోయింది. సేటువి కదా, నువ్వే తెలుసుకో అనుకున్నాడు. టీ గ్లాసు కింద పెట్టి బస్టాండు దారి పట్టాడు.

మూడో రోజు షరీఫ్ సామానంతా ఆటోలో వేసుకుని తనే వచ్చాడు. లాల్ బాషా తన పాత దోనెను విప్పి కిందికి దించాడు. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. తర్వాత వేపచెట్టు కింద నిలబడి చేతులు కట్టుకుని చూశాడు. షరీఫ్ పని మంచి పనే. దారం కట్టి వాటం చూశాడు. క్లాంపులు రెండడుగులకొకటి కొట్టాడు. కొసలు రెండువైపులా గోడలకు బిగుతుగా తగిలించాడు. అతుకు అతుక్కీ అంటించే సొల్యూషన్ పూసి నొక్కాడు. చివరి అతుకు దగ్గర బ్రష్షు ఆపి ఒకసారి బావ వైపు చూశాడు. లాల్ బాషా తల తిప్పుకుని వేపకొమ్మల్లో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు. షరీఫ్ పూసేశాడు.

సుశీలమ్మ ఒక బిందె నీళ్ళు పోయించి చూసింది. ఒక్క చుక్క కారకుండా నీళ్ళన్నీ గలగలమని తొట్టిలో పడ్డాయి. "శానా బాగుండాది" అని ఆమె మురిసిపోయింది. వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించింది. లాల్ బాషా ఆ బాగుండటాన్ని మూడు నెలలు ఓపిక పట్టి చూద్దామనుకున్నాడు.

అక్కడి నుంచి అతను ఎండాకాలం కోసం ఎదురుచూశాడు. జమ్మలమడుగులో ఎండాకాలం కోసం ఎదురుచూసిన మనిషి అతనొక్కడే అయి ఉంటాడు. వారానికొకసారి ఏదో ఒక సాకుతో రెడ్ల వీధికి పోయేవాడు. ఒకసారి చింతపండు అడగడానికి, ఒకసారి చేటకు పట్టీ వేస్తానని, ఒకసారి సుశీలమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందో కనుక్కోవడానికి. కనుక్కుంటున్నంతసేపూ కళ్ళు చూరు మీదే.

"ఏంది, ఆ ఇంటికి కొత్తల్లుడైనట్ల తిరుగుతాండావు?" అంది హుసేన్‌బీ.

"పాత గిరాకీ. మంచీ చెడ్డా చూసుకోవద్దా?"

"ముప్పై ఏండ్లు చూసుకోలేదు గదా."

ఉగాది దాటింది. ఎండ నలభై మూడుకు ఎక్కిన వారం, లాల్ బాషా గేటు తీసీ తీయగానే ఆగిపోయాడు. దోనె మధ్యలో పొట్ట వచ్చింది. రెండు గోడల మధ్య ఇరుక్కుని సాగడానికి చోటు లేక ముందుకు ఉబికింది. రెండు క్లాంపులు ఊడి వేలాడుతున్నాయి. వాటం పూర్తిగా పోయింది. ఇప్పుడు వాన పడితే నీళ్ళు తొట్టికి కాదు, నేరుగా వాకిట్లోకి.

అతనికి ఎంత సంతోషమైందంటే, లోపలికి కూడా పోకుండా వెనక్కి తిరిగి బజారులో వరసగా రెండు టీలు తాగాడు. ఎన్నో ఏళ్ళుగా కడుపులో కాలుతున్నది ఆ పూట చల్లబడింది. సేటు పని చూడండి! పులివెందుల అంగడి సేటు పని చూడండి! కనబడిన ప్రతివాడికీ చెప్పాలనిపించింది. కానీ ముందు సుశీలమ్మ చూడాలి, చూసి షరీఫ్‌ను తిట్టాలి, ఆ తిట్లు తను పక్కన ఉండి వినాలి.

వారం గడిచినా సుశీలమ్మ తలెత్తి చూడలేదు. వానలకు సిద్ధంగా తొట్టి కడిగించే పనిలో మునిగి ఉంది. ఇక ఆగలేక లాల్ బాషాయే, "అక్కా, ఒకసారి పైకి చూడు" అన్నాడు.

సుశీలమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "అయ్యో, ఇదేంది? ఎట్ల అయిపాయ? బాషా, నువ్వు ఏరింది గదప్పా ఇది!"

లాల్ బాషా ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"మా బాషా ఏరినాడని పులివెందుల్లో మా వియ్యపురాలికి కూడా చెప్తిని. వాళ్ళింటికీ నువ్వే వచ్చి ఏరాలంట. ఇప్పుడేం చెప్పాల?"

"ఏరింది నేనే అక్కా. బిగిచ్చింది షరీఫ్" అన్నాడు లాల్ బాషా. అంత తొందరగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె అప్పటికప్పుడు ఫోన్ చేసింది. సాయంత్రం ఎండ తగ్గేసరికి షరీఫ్ బండి మీద వచ్చాడు. ఆకాశంలో మైలవరం వైపు మబ్బు కూడా పట్టింది. నిచ్చెనలు రెండు వేసుకుని బావా బావమరుదులిద్దరూ ఎక్కారు. సుశీలమ్మ కింద మంచం మీద కూచుంది.

షరీఫ్ ఉబ్బిన చోట చెయ్యి పెట్టి చూశాడు. గోడకు బిగిసిన కొస చూశాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు. ఆ అర్థం కాకపోవడం చూసి లాల్ బాషా ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఎన్నేళ్ళయిందో షరీఫ్‌కు తెలియనిది తనకు తెలిసి!

"ఇది ఎండకు సాగుతాది. ఒక అతుక్కు సొల్యూషన్ పూయగూడదు. ఒకదాంట్లో ఒకటి జారేటట్ల వదలాల. కొసలు గోడకు తగలగూడదు, రెండుపక్కలా అంగుళం వదలాల" అన్నాడు గురువులాగా. జేబులోంచి రంపపు బ్లేడు తీసి చివరి అతుకు దగ్గర కోశాడు. కోయగానే బిగుసుకున్న దోనె టపుక్కున వెనక్కి జారి, పొట్ట చాలావరకు లోపలికి పోయింది.

షరీఫ్ కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. "అబ్బా! ఎట్ల తెలుసు బావా నీకు?"

"నీ అంగట్లోనే చూసినా. పొద్దున బండకు సమానంగా ఉన్న పైపులు మధ్యాన్నానికి చిటికెనేలంత బయటికొచ్చినాయి."

అన్న తర్వాత తెలిసింది ఏమన్నాడో. బ్లేడు చేతిలో అట్లాగే ఆగిపోయింది.

షరీఫ్ బావ వైపు తిరిగాడు. "అంటే బిగిచ్చక ముందే" అన్నాడు మెల్లగా.

లాల్ బాషా బ్లేడుకు అంటిన పొడి తుడవడం మొదలుపెట్టాడు.

"ఆ దినం సొల్యూషన్ పూసేటప్పుడు నాకూ ఒక అనుమానం వచ్చింది బావా, అన్నీ అంటిచ్చేస్తే ఎండకు ఏమైతాదో అని. నీ తట్టు చూస్తి. నువ్వు గమ్మున ఉన్నావు. బావ ఆడనే నిలబడి చూస్తాండాడు గదా, తప్పయితే ఆపుతాడులే అనుకుంటి."

అతని గొంతులో కోపం లేదు. తిట్టకుండా, దెప్పకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇన్నేళ్ళుగా తను ఈ మనిషి ముఖం చూడలేక బస్సులో నిలబడి పోతుంటే, ఈ మనిషి తన ముఖం చూసి పని చేస్తున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చెప్పేయాలనుకున్నాడు. కిందికి దిగి సుశీలమ్మ ముందు నిలబడి, అక్కా, నాకు తెలిసీ చెప్పలేదు, కుళ్ళుబోతుతనంతో చెప్పలేదు అని ఒక్క మాట అనేస్తే చాలనుకున్నాడు. ఆ మాటకు తగిన ఊపిరి కూడా పీల్చుకున్నాడు.

"ఏమప్పా, ఇంతకూ ఎవరి తప్పు?" అని కింద నుంచి సుశీలమ్మ కేకేసింది.

"నాదే అక్కా!" అన్నాడు షరీఫ్, బావ నోరు తెరిచేలోపు. "బిగిచ్చేది నాకు తెల్లేదు. బావ ఏరింది మాత్రం బంగారం మాదిరి ఉండాది. పులివెందులకు ధైర్యంగా చెప్పుకో."

"అట్ల చెప్పు మరి" అని సుశీలమ్మ మంచం మీద స్థిమితంగా వెనక్కి వాలింది.

షరీఫ్ వంగి, ఊడిన క్లాంపులు మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. లాల్ బాషా పీల్చిన ఊపిరి అట్లాగే గుండెల్లో నిలిచిపోయింది. ఆ మాట తనది. జీవితంలో షరీఫ్ కంటే పెద్దవాడిగా నిలబడడానికి మిగిలిన ఒకే ఒక్క మాట. దాన్ని కూడా వాడే అనేశాడు, అదీ అడగగానే, అంత సులువుగా. షట్టర్లను చూసినప్పుడు గానీ, బండిని చూసినప్పుడు గానీ, పులివెందుల అంగడి గురించి విన్నప్పుడు గానీ, లాల్ బాషా షరీఫ్‌ను చూసి ఇంతగా కుళ్ళుకోలేదు.